రెండు వేళ్ళ పైపు

ల్యాబ్ కిటికీ దగ్గర
చిన్న గాజు గొట్టాన్ని వెలుగుకెత్తి చూసి
ఆమె ఒకటే మాట అంది:
"విరిగిపోయింది."

పాలు విరుగుతాయని తెలుసు.
మనసు విరుగుతుందనీ తెలుసు.
రక్తం విరుగుతుందని
నలభై రెండేళ్ళకు తెలిసింది నాకు.
పైన తేనెరంగులో తేరుకోవాల్సిన నీరు
బీట్‌రూట్ ఉడికిన నీళ్ళలా ఉంది.

గొట్టం మీద పేరు లిపువో.
కొండ అవతల గొర్రెల దొడ్డి ఆమెది,
క్లినిక్‌కి నాలుగు గంటల నడక.
మూడోసారి చెయ్యి చాచినప్పుడు
సూది వైపు చూడలేదు ఆమె,
నా బండి వైపు చూసింది.

నేరం నాదే.
పోయిన చలికాలం సెమొంకాంగ్ దారిలో
ముందు ఫోర్కు అడుగంటా కొట్టుకుని
హ్యాండిల్ నా చేతుల్లోంచి ఎగిరితే
సొంత తెలివి వాడాను.
స్ప్రింగుల నెత్తిన ప్లాస్టిక్ పైపు ముక్కలు కూరి
మూతలు బిగించేశాను.
ఆ తర్వాత బండి కుంగలేదు, నిజమే.
తను కుంగనిదంతా పైకి పంపింది
ప్రతి రాయినీ, ప్రతి గతుకునీ
నా మోచేతులకి, వెనక డబ్బాకి,
డబ్బాలో మంచు సంచుల నడుమ
పదకొండు మంది నెత్తురుకి.

మాతాబిసెంగ్ షెడ్డులో మొదటి ప్రశ్న:
"పొద్దున ఏమైనా తిన్నావా?"
లేదన్నాను.
"తినొచ్చి కూర్చో. రోజూ ఎంత బరువుంటావో
అంత బరువుతో కూర్చో. డబ్బా కూడా పెట్టు."
ఫోర్కు గొట్టానికి సన్నటి ప్లాస్టిక్ పట్టీ చుట్టి
సీలు దాకా జరిపింది. ఎక్కాను, దిగాను.
పట్టీ గోరంత కదిలింది.
"ఇది ఫోర్కు కాదయ్యా, గునపం."

నూనె దించింది.
నల్లగా, కుళ్ళిన చేప వాసన,
అందులో తళుక్కుమంటూ ఇనుప పొడి.
"చచ్చింది నూనె. నువ్వు శిక్షించింది స్ప్రింగుని."
నేను నేల చూపులు చూశాను.

రంపంతో రెండు పైపుల్నీ కోసింది,
రెండేసి వేళ్ళు, సరిసమానంగా.
తెగిన ముక్కలు మనవడు ఎత్తుకెళ్ళి
కళ్ళకు ఆనించుకుని
గడప మీంచి నన్ను పరిశీలిస్తున్నాడు.
కొత్త నూనె పోసి, స్కేలు దించి కొలిచి
రెండు కాళ్ళలో ఒకే మట్టం వచ్చేదాకా
ఒక్కో చుక్కా తీసింది, పోసింది.
చక్రం పెట్టాక ఇరుసు బిగించలేదు.
బ్రేకు పట్టి పదిసార్లు నొక్కమంది.
"వాటి చోటు అవి వెతుక్కోనీ.
ముందే బిగిస్తే జన్మంతా వంకరే."

ఎక్కాను.
బండి నా కింద మెల్లగా ఒదిగింది.
"కుంగుతోంది" అన్నాను, గొంతులో భయం దాగలేదు.
"కుంగాలి. మూడో వంతు.
గోతిలోకి దిగడానికీ కాలు కావాలి కదా."

వాళ్ళ నాన్న గుర్రాలకు నడక నేర్పేవాడట.
నిండు జొన్నబీరు చిప్ప చేత్తో పట్టుకుని ఎక్కేవాడట.
చుక్క ఒలికితే గుర్రాన్ని కొట్టేవాడు కాదు,
తన మోకాళ్ళని తిట్టుకునేవాడట.
ఇది చెప్పి డబ్బులు లెక్కపెట్టుకుంది.
తగ్గించలేదు.

మర్నాడు అదే దారి.
రాళ్ళు తమ తమ చోట్లే ఉన్నాయి,
దుప్పటి కప్పుకున్న కాపరులు ఎప్పట్లాగే చెయ్యెత్తారు.
వాగు దగ్గర మాత్రం ఊపిరి బిగబట్టాను.
టప్‌మని దిగింది, లేచింది, అంతే.
అలవాటుకొద్దీ పళ్ళు బిగించిన నేనే
దవడ నొప్పితో మిగిలాను.

కిటికీ దగ్గర పదకొండు గొట్టాలు.
ఆమె ఒక్కొక్కటీ ఎత్తుతోంది.
ఏడోది ఇంకా గులాబీ రంగే, పక్కన పెట్టేసింది.
ఎవరిదని అడగలేదు.
తొమ్మిదోది ఎత్తినప్పుడు పేరు నాకే కనిపించింది.
గాజులో తేటగా, తేనెరంగు నిలిచి ఉంది.
ఆమె ఏమీ అనకుండా స్టాండులో గుచ్చింది.

బయట బండి ముందు గొంతుక్కూర్చున్నాను.
పట్టీ ఎంత పైకి పోయిందో చూశాను:
వాగు కొలత అది.
ఇంకా మూడు వేళ్ళ చోటు మిగిలి ఉంది.
రేపటి కోసం వేలితో మళ్ళీ
సీలు దాకా జరిపాను.